గోడ మీద ఆరువందల పన్నెండు గీతలు

ముందే చెప్పేస్తున్నాను. ఇందులో నన్ను నేను మంచిదాన్నిగా చూపించుకోవడానికి ఏమీ లేదు. ఇది ప్రేమజ్యోతి కథ. నార్త్ కెరొలినాలో, మోరిస్‌విల్‌లో మేమిద్దరం ఒకే అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళం, ఒకే కారులో ఒకే ఆఫీసుకి వెళ్ళేవాళ్ళం. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది కాబట్టి జ్యోతక్కా అని పిలిచేదాన్ని. నా పేరు రేణు, మాది వరంగల్. ఇక్కడే స్టాటిస్టిక్స్‌లో మాస్టర్స్ చేసి ఆ కంపెనీలో చేరాను.

ఆమెది నరసాపురం దగ్గర గోదావరి లంక. కాకినాడలో నర్సింగ్ చదివి, నాలుగేళ్ళు ఆ లంక గ్రామాల్లోనే సర్కారు ఆరోగ్య కేంద్రంలో పనిచేసింది. నోయెల్ గారిని పెళ్ళి చేసుకుని ఆయన వెనక ఇక్కడికొచ్చాక, డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేయకూడదన్నారు. మూడేళ్ళు ఇంట్లో కూర్చుంది. "ఆ మూడేళ్ళూ వంటింటి టైల్స్ లెక్కపెట్టాను రేణూ, నూట పద్దెనిమిది" అనేది. తర్వాత పబ్లిక్ హెల్త్ చదివి, 2008లో మా కంపెనీలో చేరి సొంత హెచ్‌వన్ వర్క్ వీసా తెచ్చుకుంది. ఆ ఆదివారం వాళ్ళ తెలుగు చర్చిలో అందరికీ పూతరేకులు పంచింది.

మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఎవరైనా అబద్ధమాడితే చాలు, కుళ్ళిన చేప వాసన తగిలినట్టు ముక్కు చిట్లించేది. మాట పైకి అనకపోయినా ఆ ముక్కు చెప్పేసేది. మీటింగుల్లో అది ఎప్పుడు చిట్లుతుందో అని నేను బిక్కుబిక్కుమంటూ చూస్తూ కూర్చునేదాన్ని.

మా కంపెనీ వ్యాపారమేమిటంటే, ఫలానా దేశంలో ఫలానా సంస్థ చేసిన మంచిపని నిజంగా పనిచేసిందా లేదా అని తేల్చి చెప్పడం. 2010లో మా చేతికి కలరా వచ్చింది. యుద్ధం నడుస్తున్న దేశం. పేరు రాయను, రాయనని కాగితం మీద సంతకం పెట్టాను. ఆ ఒక్క మాటైనా నిలబెట్టుకోనివ్వండి. అక్కడ ఒక పెద్ద సంస్థ బావుల్లో క్లోరిన్ వేయించి, పద్నాలుగు చోట్ల కలరా చికిత్సా కేంద్రాలు పెట్టింది. రెండేళ్ళు గడిచాయి. జబ్బు అదుపులోకి వచ్చిందని మేమంటే, రోగులు లేని కేంద్రాలు ఎత్తేస్తారు. రాలేదంటే ఉంచుతారు. మా రిపోర్టు మీద ఆధారపడి ఉన్నది అదే.

ప్రతి కేంద్రమూ వారానికోసారి ఒక ఫారం పంపాలి. ఎంతమంది వచ్చారు, ఎంతమంది పోయారు. ఎవరూ రాకపోతే సున్నా అని రాసి పంపాలి. అసలు ఫారమే రాకపోతే మా పట్టికలో ఆ గడి ఖాళీగా ఉండాలి. ఈ పనిలో ఇది ఓనమాలు. నాకు తెలుసు. తెలిసీ, ఖాళీ గళ్ళన్నిటిలో సున్నా నింపే లైనొకటి ప్రోగ్రాంలో రాశాను. ఎందుకూ అంటే, ఖాళీలుంటే గ్రాఫులో గీత తెగిపోతోంది. మా ప్రాజెక్ట్ డైరెక్టర్ జగదీష్ గారు అది చూసి, "ఏంటమ్మా ఇది, ఎలకలు కొరికిన తాడులా ఉంది? కాస్త క్లీన్ చేయి" అన్నారు. చేశాను. గీత నున్నగా కిందికి జారిపోయింది. "అబ్బ, బ్యూటిఫుల్!" అన్నారు. కలరా గ్రాఫుని బ్యూటిఫుల్ అన్న మనిషిని అప్పుడే చూశాను. ఛీ, నేనూ ఆయనతోపాటు నవ్వాను.

జగదీష్ గారిది విజయవాడ. ఇరవై ఏళ్ళ కిందటే ఇక్కడికొచ్చి పక్క ఊరు క్యారీలో స్థిరపడ్డారు. గొంతు ఎప్పుడూ పెంచరు. 'అమ్మా' లేకుండా మాట ఉండదు. ఆయన్ని తిట్టుకుందామన్నా నోరు రాదు, అంత మర్యాద.

రిపోర్టు చిత్తుప్రతి 2011 మార్చిలో జ్యోతక్క చేతికి వెళ్ళింది. మర్నాడు పొద్దున కార్లో, తనే డ్రైవ్ చేస్తూ అడిగింది.

"ఏడో నంబరు కేంద్రంలో పదకొండు వారాలు వరసగా సున్నాలేంటి రేణూ?"

"తగ్గిందేమో అక్కా."

"ముందు వారం డెబ్భైమూడు మంది, తర్వాత వారం ఒక్కళ్ళూ లేరా? కలరా ఏమన్నా చుట్టమా, బస్సెక్కి ఊరెళ్ళిపోడానికి?"

నా మొహం మాడిపోయింది. దాచలేక, ఆ లైను సంగతి చెప్పేశాను. ఆమె కారుని పక్కనున్న షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లోకి తిప్పి ఆపేసింది.

"లంకలో వరదొచ్చిన ఏడాది, నేను తొమ్మిది రోజులు రిజిస్టర్ రాయలేదు" అంది. "రాయడానికి చెయ్యి ఖాళీ ఉంటేగా! ఓ చేత్తో సెలైన్, ఓ చేత్తో బక్కెట్టు. బియ్యం కడిగిన నీళ్ళలా పోతూనే ఉండేది జనానికి. తర్వాత జిల్లా నుంచి ఒకాయన వచ్చి రిజిస్టర్ తిప్పి, ఈ తొమ్మిది రోజులూ కేసుల్లేవన్నమాట, గుడ్, అని సంతకం పెట్టి పోయాడు. పద్నాలుగు మంది పోయారే తల్లీ ఆ తొమ్మిది రోజుల్లో. నేనేమీ అనలేదు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు, ఆయన పెద్దాఫీసరు."

నాకు జాలి వేయలేదు, ఒళ్ళు మండింది. పొద్దున్నే ఈ పురాణమేమిటి అనిపించింది.

"అక్కా, గిప్పుడు ఇదంతా తవ్వితే మళ్ళ మొదటికొస్తది. రెండు నెలల్ల డెలివరీ. నా గ్రీన్ కార్డ్ ఫైల్ జగదీష్ సార్ టేబుల్ మీదనే ఉంది. నీది కూడా ఆడనే ఉంది, యాది పెట్టుకో."

"ఉండనీ. ఆ కేంద్రంలో ఎవరున్నారో కనుక్కుందాం ముందు" అంది.

అక్కడ ఉన్నది ఇద్రిస్ అనే నర్సు. కేంద్రానికి పెద్ద ఆయనే. నది ఒడ్డున ఒక బడిలో నడుపుతున్నాడు. జ్యోతక్క రోజూ పొద్దున ఆరింటికి లేచి, వాళ్ళ డైనింగ్ టేబుల్ దగ్గర స్కైప్‌లో ప్రయత్నించేది. ఎనిమిది రోజులు దొరకలేదు. నోయెల్ గారు కాఫీ పెట్టి ఇస్తూ, "ఎందుకొచ్చిన గొడవ జ్యోతీ, నీ పని నువ్వు చేసుకోవచ్చుగా" అనేవారట. "ఇదే నా పని" అనేదట. తొమ్మిదో రోజు నన్నూ రమ్మంది. ఆ రోజే దొరికాడు.

బొమ్మ రాలేదు, గొంతు మాత్రం వచ్చింది. నెమ్మదైన ఇంగ్లీషు. ఫారాలు తీసుకెళ్ళే మోటార్ సైకిల్ మనిషిని చెక్‌పోస్టులో ఆపేశారని చెప్పాడు. రెండోసారి పంపిన మనిషి తిరిగి రాలేదు. ఆ తర్వాత ఇంకెవర్నీ పంపబుద్ధి కాలేదు. నాలుగో వారానికి కాగితాలూ అయిపోయాయి. "బడిలో ఉన్నాం కదా సిస్టర్, గోడ మీద బొగ్గుతో గీశాం. వచ్చిన మనిషికి ఒక గీత. చనిపోతే ఆ గీత కింద చుక్క" అన్నాడు. కొంచెం ఆగి, "ఇన్నాళ్ళకి మీరొక్కరే అడిగారు. గోడ చూడ్డానికి ఎవరైనా వస్తున్నారా?" అన్నాడు. జ్యోతక్క లేదని చెప్పలేక, ఫోటోలు పంపమంది.

నాలుగు రోజుల పాటు ఒక్కొక్కటిగా పంతొమ్మిది ఫోటోలు వచ్చాయి. ఆఫీసులో పెద్ద కాగితాల మీద ప్రింట్ తీసి, కాన్ఫరెన్స్ రూం బల్ల మీద పరిచి, ఎర్ర పెన్నుతో అయిదేసి గీతలకు సున్నా చుడుతూ లెక్కపెట్టింది. ఆరువందల పన్నెండు. నన్నూ లెక్కపెట్టమంది. నాకు ఆరువందల తొమ్మిది వచ్చాయి.

"మళ్ళీ పెట్టు."

"మూడు తేడా అంతే కదక్కా, ఏమైతది?"

"ఆ ముగ్గుర్నీ అడుగు ఏమవుద్దో" అంది, తలెత్తకుండా.

మళ్ళీ లెక్కపెట్టాను. ఆరువందల పన్నెండే. చుక్కలు నలభై ఏడు. గోడ పైభాగమంతా నిండిపోయాక, చివరి ఫోటోల్లో గీతలు కిందికి దిగి నేలకి జానెడు ఎత్తుకి వచ్చేశాయి. అక్కడి గీతలు వంకరగా ఉన్నాయి. చాప మీద పడుకున్న రోగులే కొన్ని గీసి ఉంటారని జ్యోతక్క అంది. నేను ఒక్క లైనుతో సున్నా చేసింది దీన్ని.

ఆ కాగితాలు పట్టుకుని జగదీష్ గారి గదికి వెళ్ళాం. ఆయన అన్నీ ఓపిగ్గా చూశారు. "అయ్యో" అన్నారు. నటన కాదు, నిజంగానే బాధపడ్డారు, అదే ఇంకా రోత.

"చాలా బాధాకరం జ్యోతమ్మా. కానీ ఇది డేటా కాదు. మన ప్రోటోకాల్‌లో ఫారం ఉంది, గోడ లేదు."

"మరి సున్నా ఉందాండీ? ఆ పదకొండు సున్నాలూ ఏ ఫారంలో వచ్చాయో చూపించండి."

ఆయన నా వంక చూశారు. నేను బల్ల వంక చూశాను.

"అది టెక్నికల్ డెసిషన్ అమ్మా" అన్నారు ఆయనే. "సరే, క్లయింట్ కాల్ ఉందిగా మే నెలలో. అక్కడ నువ్వే చెప్పు. నేను అడ్డురాను."

నేను ఆశ్చర్యపోయాను. పైకి మెత్తగా ఉన్నా మంచివాడేనేమో అనుకున్నాను. నా మొహం! నిజం చెప్పనిచ్చినా తనకేమీ కాదని ఆయనకు ముందే తెలుసు.

కాల్‌లో అవతల ఆ సంస్థ వాళ్ళు ఆరుగురున్నారు. జ్యోతక్క పదకొండు నిమిషాలు మాట్లాడింది. ఖాళీ అంటే ఏమిటో, సున్నా అంటే ఏమిటో చెప్పింది. ఆరువందల పన్నెండు, నలభై ఏడు అని రెండుసార్లు చెప్పింది. వర్షాలు రాబోతున్నాయి, ఏడో కేంద్రాన్ని ఇప్పుడు ఎత్తేస్తే ఆ ఊళ్ళకు దగ్గర్లో సెలైన్ సీసా కూడా దొరకదని చెప్పింది. తర్వాత ఒకావిడ, "థాంక్యూ సో మచ్, ప్రేమా. సచ్ పవర్‌ఫుల్ వర్క్" అంది. ఇంకొకాయన, దీన్ని తప్పకుండా లిమిటేషన్స్‌లో పెట్టాలన్నాడు. అంటే, మా పనిలో ఇవీ లోటుపాట్లు అని రిపోర్టు చివర రాసుకునే చోటు. రాసేవాళ్ళు తప్ప ఎవరూ చదవరు. ఆ వెంటనే తర్వాతి అంశానికి వెళ్ళిపోయారు. ఏడో నంబరుతో సహా అయిదు కేంద్రాలు జూలై ముప్ఫై ఒకటికి మూసేయడం. సామాన్లు తేవడానికి లారీలు ఫిబ్రవరిలోనే మాట్లాడి పెట్టుకున్నారట. మా రిపోర్టు చేతికొస్తే బయల్దేరడమే తరువాయి. పెళ్ళయిపోయాక జాతకాలు చూడమన్నట్టు, తేల్చమని మాకిచ్చారు. థూ!

ఇక సంతకాలే మిగిలిన రిపోర్టు అరవై ఒకటో పేజీలో ఒక వాక్యం చేరింది. కొన్ని కేంద్రాల నుంచి కొన్ని వారాల సమాచారం అసంపూర్ణంగా ఉండవచ్చని. ఉండవచ్చట! ఆరువందల పన్నెండు అనే అంకె ఎక్కడా లేదు. గ్రాఫు మాత్రం ఒకటో పేజీలో అలాగే నున్నగా ఉంది. జ్యోతక్కకి కంపెనీ 'కచ్చితత్వానికి' అని ఒక గాజు ఫలకం ఇచ్చింది. కేక్ కోశారు. ఆమె ముట్టలేదు. నేను రెండు ముక్కలు తిన్నాను.

అదే నెలలో ఆమె గ్రీన్ కార్డ్‌కి కంపెనీ వేసిన పిటిషన్ అప్రూవ్ అయింది. వాళ్ళ చర్చిలో ఒక పద్ధతి ఉంది. వీసా వచ్చినా, ఇల్లు కొన్నా, బిడ్డ పుట్టినా కృతజ్ఞత కూడిక పెడతారు. మేలు పొందిన మనిషి నిలబడి దేవుడు తనకేం చేశాడో సాక్ష్యం చెప్పాలి, తర్వాత భోజనాలు. నోయెల్ గారు మురిసిపోయి హాలు బుక్ చేసి, బిర్యానీకి చెప్పేశారు. నన్నూ పిలిచారు. ఆదివారం మధ్యాహ్నం, ఎనభై మందిదాకా ఉన్నారు. అందరూ పాటలు పాడాక జ్యోతక్క లేచింది.

"దేవుడు నాకు మేలు చేశాడని చెప్పమన్నారు. నేను చెప్పలేను. ఆరువందల పన్నెండు మందికి కలరా వస్తే, ఎవరికీ రాలేదని రాసిన కాగితం మీద నా పేరుంది. నా నోరు మూయించడానికి నన్నెవరూ కొట్టలేదు. కేకు కోశారు. ఈ అప్రూవల్ కూడా ఆ చేత్తోనే ఇచ్చారు. దీనికి స్తుతి చెల్లిస్తే ప్రభువు ముక్కు మూసుకుంటాడు."

వెనక వరసలో ఒక పెద్దాయన అలవాటు కొద్దీ "ఆమెన్!" అన్నాడు. పాస్టర్ గారు లేచి, మన సహోదరి హృదయ భారాన్ని ప్రభువు పాదాల దగ్గర పెడదామని రెండు నిమిషాలు ప్రార్థించి, పనిలోపని బిర్యానీకి కూడా ఆశీర్వాదం చెప్పేశారు. క్యూలో నా ముందున్నావిడ, "పాపం స్ట్రెస్ అయ్యుంటుందండి, నాల్రోజులు వర్క్ ఫ్రమ్ హోమ్ తీసుకోమనండి" అంది. నోయెల్ గారు ఎవరి మొహమూ చూడలేక కూల్‌డ్రింకులు సర్దుతూ ఉండిపోయారు. నేను ప్లేటు నింపుకున్నాను.

సోమవారం పొద్దున కార్లో కూర్చోగానే ఆమె విషయానికి వచ్చేసింది.

"రిపోర్టు మీంచి నా పేరు తీసేయమని రాసేశాను. నువ్వు కూడా తీయించుకో రేణూ."

"నేనెందుకక్కా?"

"కాంట్రాక్ట్ చదివాను. లెక్కలు చేసినవాళ్ళలో కనీసం ఒక్కరైనా సంతకం పెడితేనే రిపోర్టు ఇవ్వడానికి కుదురుద్ది. లెక్కలు చేసింది మనిద్దరమే. ఇద్దరం పెట్టకపోతే వేరే వాళ్ళచేత మొదట్నుంచీ చూపించాలి. మూడు నెలలు పడుద్ది. అప్పటిదాకా లారీలు కదలవు, ఈ వర్షాకాలం గట్టెక్కుద్ది. నేను అడిగేది అంతే."

అప్పుడర్థమైంది నాకు, ఆమె ఆదివారం అందరి ముందూ ఎందుకు మాట్లాడిందో. తన దారి తనే మూసేసుకుని వచ్చి నన్ను అడుగుతోంది. నది ఒడ్డున ఆ బడి ఉండటమా పోవటమా అనేది ఇప్పుడు నా ఒక్కదాని సంతకం మీద ఉంది.

"నాతోని కాదక్కా" అన్నాను. "నా గ్రీన్ కార్డ్‌ల మొదటి మెట్టు, లేబర్, మొన్ననే క్లియరైంది. గిప్పుడు కిరికిరి పెట్టుకుంటే సార్ నా ఫైల్ ముంగటికి పోనిస్తడా? నీకంటే నోయెల్ బావ ఉన్నడు. నాకెవరున్నరు?"

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నా వైపు తిరిగి చూసి ముక్కు చిట్లించింది. మూడేళ్ళలో నా మీద అదే మొదటిసారి.

మధ్యాహ్నం జగదీష్ గారు పిలిచి, "నువ్వు మెచ్యూర్డ్ అమ్మా రేణూ, నాకు తెలుసు" అంటూ పెన్ను ఇచ్చారు. సంతకం పెట్టాను. జ్యోతక్క పేరున్న చోట నా పేరు వచ్చింది, అందరికంటే ముందు.

ఆ వారమే ఆమె రాజీనామా చేసింది. అంటే మళ్ళీ డిపెండెంట్ వీసా, మళ్ళీ ఉద్యోగం చేయకూడదు. ఏడో కేంద్రం జూలై ముప్ఫై ఒకటిన మూసేశారు. ఇద్రిస్ ఆగస్టులో ఆమెకొక మెయిల్ రాశాడు. ఆమె దాన్ని నాకు పంపింది, తన మాట ఒక్కటి కూడా చేర్చకుండా. మంచాలు, సెలైన్, క్లోరిన్ డ్రమ్ములు అన్నీ లారీల్లో వెళ్ళిపోయాయని, బడిని ఊరివాళ్ళకి అప్పగించే ముందు శుభ్రం చేయాలని గోడలన్నిటికీ సున్నం కొట్టించారని రాశాడు. వర్షాలు మొదలయ్యాయి, జనం ఇంకా మోసుకొస్తూనే ఉన్నారు, నా దగ్గర ఉప్పు, పంచదార ఉన్నాయి అని రాశాడు. అదే ఆఖరు. ఆమె పంపిన మెయిల్స్‌కి తర్వాత జవాబు రాలేదు.

జ్యోతక్క నాలుగేళ్ళు ఇంట్లోనే ఉంది. వారానికి మూడు రోజులు ఒక ఉచిత క్లినిక్‌లో జీతం లేకుండా బీపీలు చూసేది. 2015లో డిపెండెంట్లు కూడా ఉద్యోగం చేసుకోవచ్చని అనుమతి వచ్చాక, నలభై రెండేళ్ళ వయసులో ఇక్కడి నర్సు పరీక్ష రాసి పాసై, డర్హమ్‌లో ఒక ముసలివాళ్ళ హోమ్‌లో చేరింది. ఇండియన్ స్టోర్‌లో ఒకసారి ఎదురైంది. "బాగున్నావా రేణూ" అంది, కరివేపాకు ఏరుకుంటూనే. బాగున్నానన్నాను.

నా గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు. లైన్లోనే ఉన్నాను. జ్యోతక్క నర్సుగా చేరిన ఏడాదే వేరే కంపెనీకి మారదామని ఇంటర్వ్యూకి వెళ్ళాను. అవతలి మనిషి నా రెజ్యూమే తిప్పుతూ, ఇన్నేళ్ళలో నువ్వు బాగా గర్వపడే పనేమిటని అడిగాడు. కలరా రిపోర్టు పేరు చెప్పాను. ఓహో, ఆ కార్యక్రమం వల్ల ఎంతమంది బతికినట్టు తేల్చారు అన్నాడు. ఒకటో పేజీలో ఉంది ఆ అంకె, నా సున్నాల మీద కట్టింది.

"రెండువేల మూడువందల మంది" అన్నాను, తడుముకోకుండా.

ఉద్యోగం వచ్చింది.